మాట వినడు

కేసు షీటు మీద ఆ రెండు మాటలూ
నాకన్నా ముందున్న డాక్టరు రాసి వెళ్ళాడు:
మాట వినడు.
కింద నేను సంతకం పెట్టాను.
మొఖోట్లాంగ్ ఆసుపత్రిలో అది నా తొమ్మిదో రోజు.
తెల్లకోటు ఇస్త్రీ మడత ఇంకా విరగలేదు.

మంచం మీద న్తాతే ఫోకా.
పక్క దేశపు బంగారు గనుల్లో ఇరవై రెండేళ్లు రాతిదుమ్ము పీల్చి
జీతం కన్నా ఎక్కువ దగ్గు ఇంటికి తెచ్చుకున్న మనిషి.
క్షయతో చేరడం ఇది మూడోసారి.
"మాత్రలు ఎందుకు మానేశారు?"
చెవిటివాణ్ణి అడిగినట్టు గొంతు పెంచాను.
ఒళ్లో ఉన్న గడ్డిటోపీ అంచుని
ఆయన వేళ్లతో ఒక చుట్టు తిప్పాడు.
ఇంకో చుట్టు తిప్పాడు.

చిన్నప్పుడు నేను కట్టు కట్టిన గొర్రెపిల్ల బతికితే
నీది మంచి హస్తవాసి అంది మా మేనత్త.
ఆ ఒక్క మాట పట్టుకుని ఏడేళ్లు చదివాను.
ఆ చెయ్యే ఇప్పుడు ఆయన వీపు మీద స్టెతస్కోపు ఆనించి
ఎండుటాకుల చప్పుడు వింటోంది.
వీపు అవతల ఏముందో వినే గొట్టం
మాకెవరూ ఇవ్వలేదు.

గురువారం ఎమ్మే మాత్సెలిసో వచ్చింది,
కొండమీది ఊళ్లకి ఆరోగ్య కార్యకర్త.
భుజాల మీద కంబళి, దానికి దబ్బనమంత పిన్నీసు.
నా షీటు చదవలేదు. నా బూట్లు చూసింది.
"వీటితో గుర్రం ఎక్కుతావా?"

ఎక్కాను. అంటే, ఎక్కించారు.
నా చదువు మీద ఆ గుర్రానికి ఏ గౌరవమూ లేదు.
నాలుగు గంటల కొండ, గొరిజల కింద గడ్డకట్టిన మంచు.
సెంకూ నది దాటుతుంటే ఆమె తన నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించింది:
వానలు మొదలైతే ఇంత.
తర్వాత మెడ దగ్గర పెట్టింది.
ఇంకేం చెప్పలేదు.
మాత్రలిచ్చే రోజు మంగళవారమని
నదికి ఎవరూ చెప్పినట్టు లేదు.

గుండ్రటి రాతి ఇల్లు. లోపల పిడకల పొగ.
తాత లేనన్నాళ్లూ పక్కింటావిడ చూసుకుంటున్న మనవరాలు, లిపువో,
ఆరేళ్లుంటాయి.
మమ్మల్ని చూసి నవ్వబోయి దగ్గింది.
ఆ దగ్గు నాకు తెలుసు.
నేను వార్డులో వదిలొచ్చిన దగ్గే, చిన్న కొలతలో.

"మాత్రలా?" అని పీట ఎక్కి టీ డబ్బా దింపింది.
అన్నీ సగాలు.
కత్తితో కోసినవి, పొడి రాలకుండా, అంచు చెదరకుండా.
రాయి పగలగొట్టిన చెయ్యి అది.
హస్తవాసి అని మా మేనత్త దేన్నంటుందో
ఒక్కసారి చూపించాలనిపించింది.
"సగం తాతకి, సగం నాకు" అంది పిల్ల.
"పెద్ద ముక్క నాకే ఇస్తాడు."

బయటికొచ్చి గొర్రెల దొడ్డిగోడ మీద కూర్చున్నాను.
ఏడవలేదు. ఏడ్చానని తర్వాత చెప్పుకోవడం తేలిక.
లెక్క వేసుకున్నాను: సగం మోతాదు, ఎన్ని నెలలు,
ఏ మందు ఇక పని చెయ్యదు, పిల్ల బరువెంత.
పక్కింటావిడ సంకటి పెట్టింది. తిన్నాను.
ఎవరి వంతు తిన్నానో అడగడానికి
ధైర్యం చాల్లేదు.

తిరుగుదారిలో కంబళి చుట్టుకుని నా ముందు కూర్చుంది లిపువో.
స్టెతస్కోపు లాక్కుని గుర్రం మెడకి ఆనించింది.
"ఏమంటోంది?"
"నువ్వు బరువంటోంది."

షీటు మీద ఆ రెండు మాటలూ కొట్టేశాను.
బదులేం రాయాలో తోచక చాలాసేపు నిలబడ్డాను.
ఆ గడి అగ్గిపెట్టంత.
దాన్లో నది పట్టదు.

న్తాతే ఫోకా మంచానికి ఎదురు గదిలో ఇప్పుడు ఓ చిన్న మంచం.
గడ్డిటోపీ అక్కడికి వెళ్ళింది,
పిల్ల తలమీద కళ్లదాకా దిగి కూర్చుంది.
కిటికీలోంచి అది చూస్తూ, మొదటిసారి, ఆయనే నన్నడిగాడు:
"మా వైపు మళ్లీ ఎప్పుడొస్తావు?"

తొడలు పుండయి ఉన్నాయి.
గోడకి ఆనుకుని నిలబడే చెప్పాను,
"గురువారం."